మామగారి అతుకు

పెళ్ళయిన నాటి నుంచీ మా ఆయన బట్టలే కుట్టారు. మా అమ్మాయి పెద్దదయ్యాక నేను స్కూలు వ్యాను నడపడం మొదలుపెట్టాను. జనం రెడీమేడ్ బట్టలకు అలవాటుపడి ఆయన కొట్టువైపు చూడటం మానేశాక, ఆయన మిషను మూసి ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్న మనిషి ఊరికే ఉండరు కదా. వంటింట్లో నా గరిటెలు ఏ వరసలో వేలాడాలో నాకే నేర్పసాగారు. అందుకని ఒకరోజు ఆయన వెల్డింగు నేర్చుకుంటానంటే, నేను కారణం కూడా అడక్కుండా సరేనన్నాను.

నేర్పేది మా అల్లుడే. వీధి చివర టింకరింగు షెడ్డు అతనిది. బండ్ల సొట్టలు తీస్తాడు, తుప్పు పట్టిన రేకు కోసి కొత్త రేకు అతుకుతాడు. పనిమంతుడు. అతని చేతికి వంక పెట్టేవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

బడి సెలవుల్లో వ్యాను కడుగుతూ వెనక సీటు కింద పరిచిన మ్యాటు ఎత్తాను. కింద రోడ్డు కనిపించింది. పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు. బయట పసుపు రంగు నిగనిగలాడుతోంది, లోపల నేలకి అరచెయ్యంత చిల్లు. చుట్టూ వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలే తుప్పు. ఆ సీటులో కూర్చునేది అందరికంటే చిన్నపిల్లలు. బడి తెరిచేలోగా అది బాగుపడకపోతే ఆ బండిలో ఒక్క పిల్లని కూడా ఎక్కించుకోకూడదని అప్పుడే అనుకున్నాను.

అల్లుడైతే చిటికెలో చేసి ఇచ్చేవాడు. కానీ మా ఆయన, "నీ బండి నేనే బాగుచేస్తా" అన్నారు. కొట్టు మూసినప్పటి నుంచి ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. కాదనడానికి నోరు రాలేదు.

ఇక ఆ చదువు ఎలా సాగిందో చెప్పాలి. గురువు శిష్యుణ్ణి "మామయ్యగారూ" అంటాడు. శిష్యుడు గురువుని "అల్లుడుగారూ, మీరు" అంటారు.

"రేకుకి చిల్లు పడిందండీ అల్లుడుగారూ."

"పడనివ్వండి మామయ్యగారూ. రేకే పల్చన."

"ఇది కాస్త వంకర పోయిందేమో."

"ఆ మాత్రం వంకర ఉంటేనే అందం మామయ్యగారూ."

మా అల్లుడు అబద్ధాలకోరు కాడు. మామగారికి తప్పు చెప్పే నోరు దేవుడు అతనికి ఇవ్వలేదు, అంతే. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది గానీ, అది నలుగురిలో అనేది కాదు కాబట్టి ఇక్కడ రాయను. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు చూడండి, అది రాయొచ్చు. మా ఇంట్లో అల్లుడు దానం చేస్తున్నవి మెచ్చుకోళ్ళు, మునిగేది అత్త బండి.

చిత్తురేకుల మీద చెయ్యి తిరిగిందనిపించాక ఆయన నా వ్యానుని షెడ్డులోకి తెప్పించారు. సీటు విప్పారు. నేను పక్కనే నిలబడ్డాను. గ్రైండరు పెట్టి కోస్తుంటే నిప్పురవ్వలు చిమ్ముతున్నాయి, చిల్లు పెద్దదవుతోంది. తుప్పు పోయి మంచి రేకు తగిలేదాకా కోస్తూనే ఉండాలట. అది నాకేం తెలుసు. నా బండి నా కళ్ళముందే కరిగిపోతున్నట్టుంటే, "అయ్యో, ఇంకెంత కోస్తారండీ, బండి మిగులుతుందా" అన్నాను. గ్రైండరు ఆగిపోయింది.

ఆ చిల్లుకి సరిపడా కొత్త రేకు కత్తిరించి, మూలలు గుండ్రంగా తీర్చి, చుట్టూ చుక్కలు చుక్కలుగా అతికి, చుక్కల్ని కలిపి, నున్నగా గీకి, నల్లరంగు వేశారు. కాలరు కుట్టినంత పొందికగా ఉంది. నాకు నిజంగానే గర్వం వేసింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. ఎవరు అతికినా మేస్త్రి సుత్తి తీసుకుని దాని మీద ఒక్కటిస్తాడు. ఊడితే మళ్ళీ చెయ్యాలి. అంతకుముందే మా అల్లుడు తన పనివాడు అతికిన ఒక తలుపు మీద అలాగే కొట్టాడు. ఆ మోతకి నేను చెవులు మూసుకున్నాను. ఇప్పుడు నా వ్యానులోకి ఎక్కి, అదే సుత్తితో ఆ నల్లటి అతుకు మీద మెల్లగా తట్టాడు, లోపలికి రావచ్చా అని అడిగినట్టు. "గట్టిగా ఉంది మామయ్యగారూ" అన్నాడు. నావైపు మాత్రం చూడలేదు.

మా ఆయన చేతులు కడుక్కోవడానికి షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళారు.

"బాబూ, ఇందాక ఆ తలుపు మీద కొట్టినట్టు దీని మీద కొట్టు" అన్నాను.

"మామయ్యగారి పని మీద నేనెలా కొట్టను అత్తయ్యా?" అతను గొంతు తగ్గించాడు. "మీరేం కంగారుపడకండి. రేపు ఆయన రాకముందే అంతా కోసి మళ్ళీ చేసేస్తా. రంగేసేస్తే ఆయనకి తెలియను కూడా తెలియదు."

ఒక్క క్షణం నాకూ అదే మంచిదనిపించింది. బండి బాగుపడుతుంది, ఆయన మనసు నొచ్చుకోదు. కానీ తర్వాత ఏం జరుగుతుందో కళ్ళకు కట్టింది. ఆయన రోజూ ఆ నేల చూసుకుని మురిసిపోతారు, మేమిద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటాం. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఆయనొక్కరికే తెలియదు. నేను కాపురం చేసిన మనిషిని అలా వెర్రివాణ్ణి చెయ్యడం నా వల్ల కాదు.

అల్లుడి చేతిలో సుత్తి లాక్కున్నాను. రెండు చేతులతో ఎత్తి వేశాను. అతుకు ఒక పక్క నోరు తెరిచింది.

మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. ఆయన వంగి, ఊడిన అంచు కింద వేలు పెట్టి తడిమారు.

"అతుకు ఊడలేదు" అన్నారు. "దాని చుట్టూ ఉన్న రేకు చిరిగింది. చివికిన గుడ్డకి మాసిక వేస్తే ఇంతే, మాసిక ఉంటుంది, గుడ్డ పోతుంది." నావైపు తిరిగి, "ఇంకా కొయ్యాలనే అనుకున్నాను. నువ్వు అయ్యో అన్నావు" అన్నారు.

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

"మీకు ముందే తెలుసా?" అని అల్లుణ్ణి అడిగారు.

అతను తలొంచుకున్నాడు. "తెలుసు మామయ్యగారూ."

ఆయన ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చున్నారు. నేనిచ్చిన టీ చల్లారిపోయింది. మళ్ళీ వేడిచేసి తెచ్చాను. నేను కొట్టిన దెబ్బ రేకుకే తగిలిందా, ఈయనకి తగిలిందా అని నా ప్రాణం కొట్టుకుంటోంది. గ్లాసు అందుకుని అప్పుడన్నారు.

"నా కుట్టు బాగోలేదని గుడ్డలు మొహాన విసిరికొట్టిన వాళ్ళున్నారు, తెలుసా? వాళ్ళంతా మళ్ళీ నా దగ్గరికే వచ్చారు. బాగుంది బాగుంది అని నవ్వుతూ పట్టుకెళ్ళినవాళ్ళే మళ్ళీ రాలేదు. కొట్టు మూసేదాకా నాకా సంగతి తెలియలేదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఆయన ఆ కొట్టు గురించి నాతో అన్న మొదటి మాట అది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి బయల్దేరారు. వెనకాలే నేనూ వెళ్ళాను.

"ఇదిగో, ఈ గడప దాటాక నేను మామగారిని కాను. మామయ్యగారూ అనకు" అన్నారు అల్లుడితో. అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"మరేమని పిలవమంటారు?"

"ఏమీ పిలవద్దు. తప్పు చెప్పు చాలు."

ఆ పూట మా అల్లుడు పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. మొదట్లో ప్రతి మాటకీ ముందు ఒక దగ్గు వచ్చేది. "కొయ్యండి" అనేవాడు. ఇంకో దగ్గు. "ఇంకా కొయ్యండి." తుప్పు పోయి రేకు వెండిలా మెరిసేసరికి అరచెయ్యంత చిల్లు కాస్తా పెద్ద పళ్ళెమంత అయింది. నేను చేత్తో నోరు నొక్కుకుని నిలబడ్డాను. పొద్దెక్కేకొద్దీ దగ్గులు తగ్గాయి. "వేడి చాల్లేదు, పైపైనే అంటుకుంది, తీసెయ్యండి." "చెయ్యి పరిగెత్తుతోంది, ఆపండి." మా ఆయన తీసేశారు, మళ్ళీ అతికారు, మళ్ళీ తీసేశారు. చెమటతో తడిసి ముద్దయ్యారు గానీ, మాస్కు ఎత్తినప్పుడల్లా ఆయన మొహం నేను చూశాను. దానిలో చిన్నబుచ్చుకోవడం లేదు.

అయిపోయాక సుత్తి తెచ్చి ఆయనే అల్లుడి చేతిలో పెట్టారు. అతను కళ్ళు మూసుకుని కొట్టాడు. ఊడలేదు. కళ్ళు తెరిచి ఇంకోటి వేశాడు. మూడోది ఎవరూ అడక్కుండానే వేశాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ మామగారి మీద దాచుకున్నదంతా తీర్చుకుంటున్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది. అతుకు కదల్లేదు.

బడి తెరిచే రోజున ఆయన నాకంటే ముందే తయారయ్యారు. పిల్లలు ఎక్కకముందు తనే ఒకసారి వస్తానన్నారు. నా పక్క సీటు ఖాళీగా ఉన్నా, వెనక్కి వెళ్ళి ఆ చిన్న సీటులో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని, కాళ్ళు సరిగ్గా ఆ అతుకు మీద పెట్టుకుని కూర్చున్నారు.

మా దారిలో గోతులన్నీ నాకు కంఠతా వచ్చు. ఒకదాన్ని ఎడమకి తప్పించాను, ఇంకోదాన్ని కుడికి తప్పించాను.

"బండేంటి, పాములా పోతోంది?" అన్నారు వెనక నుంచి.

"గోతులండీ."

"రోజూ ఇలాగే పోతావా?"

రోజూ ఎక్కడండీ. రోజూ బడి గంట కొట్టేస్తారన్న తొందరలో అన్నిట్లోనూ దింపేస్తాను. ఆయనకీ తెలుసు. ఇంకో గోతిని కూడా తప్పించాను.

"ఆ రోజు సుత్తి అంత గట్టిగా వేశావే" అన్నారు మెల్లగా.

అద్దంలో చూశాను. ఆయన ముందుసీటు కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, నావైపే చూస్తున్నారు. నేను భయపడింది నేల గురించి కాదు. అది ఊడితే, ఆ రోజు కిటికీ దగ్గర చూసిన మొహం మళ్ళీ చూడాల్సి వస్తుందని. ఆ మనిషంటే నాకు అంత ప్రాణమని ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆయనతో అనలేదు. అప్పుడు కూడా అనలేదు.

ముందు మలుపులో, ఆ దారికంతటికీ పెద్ద గొయ్యి ఉంది. స్టీరింగు తిప్పకుండా తిన్నగా పోనిచ్చాను. బండి అడుగునుంచి ధన్‌మని మోత వచ్చింది. నా పళ్ళు టకటకలాడాయి. బండి ఆపి, వెనక్కి తిరిగే ధైర్యం లేక, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

వెనక ఆయన కాళ్ళు ఎత్తి, వంగి, అతుకు చుట్టూ చేత్తో తడుముతున్న చప్పుడు వినిపించింది. తొందరేం లేకుండా మొత్తం తడిమారు.

"సరే" అన్నారు. "ఇక పద, పిల్లల్ని ఎక్కించుకుందాం."