మంచుచెక్కల పార్సిలు

నాగభూషణానికి చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. పలాస స్టేషన్లో పార్సిలు గుమాస్తాగా చేరిన కొత్తలో పుట్టింది అది. రైల్లో పంపే సరుకుకు రెండు రేట్లు ఉంటాయి. దారిలో పాడైతే రైల్వేవాళ్లది పూచీ అంటే ఎక్కువ రేటు, సొంతదారుదే పూచీ అంటే తక్కువ రేటు. పగలంతా కాగితాల మీద ఈ రెండింట్లో ఏదో ఒక ముద్ర గుద్దే మనిషి, తెల్లవారి స్నానం చేసి దేవుడి ముందు కూర్చుని "భారం నీదే తండ్రీ" అనగానే మనసు ఎటో పోయేది. దేవుడి మీద భారం వేసి పంపిన బతుకు ఎవరి పూచీ మీద వెళుతున్నట్టు? దేవుడి పూచీ అయితే మనం జాగ్రత్తపడటం ఎందుకు? మన పూచీ అయితే దణ్ణం ఎందుకు? కాశీబుగ్గలో పురాణం చెప్పే శాస్త్రిగారిని అడిగితే ఆయన పొడుం పీల్చి, "రెండూ చెయ్యవయ్యా, పోయిందేముంది" అన్నారు.

అప్పటినుంచి నాగభూషణం రెండూ చేస్తున్నాడు. అయితే రెండింట్లో తన ప్యాకింగు మీదే తనకు రవ్వంత ఎక్కువ నమ్మకం ఉందన్న సంగతి మాత్రం దేవుడి దగ్గర దాచేవాడు.

ఆ నమ్మకానికి కారణాలు లేకపోలేదు. ఉద్దానం పనసకాయలూ, కొబ్బరి బస్తాలూ, జీడిపప్పు డబ్బాలూ అతని చేతిమీదుగానే కలకత్తా వెళ్లేవి. గోనె కుట్టు వదులుగా ఉంటే తీసుకునేవాడు కాదు. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవాడు. లోపల ఏ కొంచెం కదిలినా "మళ్లీ కట్టుకురా" అని తోసేసేవాడు. పార్సిలాఫీసు హమాలీ దాలయ్య వెనకాల అనేవాడు: "మన బాబు కన్నతల్లినయినా సరే, గోనె కుట్టి తాడెయ్యందే రైలెక్కనియ్యరు."

అలాంటి మనిషి ఇంటికి 1968 మాఘమాసంలో అతని బావమరిది త్రినాథరావు ఒక విచిత్రమైన సామాను మోసుకొచ్చాడు.

త్రినాథరావు మిలిటరీలో నాయక్ హోదావాడు. కాశ్మీరంలో మంచుకొండల మీద సిపాయిలకు నడక నేర్పే బడి ఒకటుందిట, అందులో ఉన్నాడు. మద్రాసులో ఏదో మిలిటరీ ప్రదర్శన పెడితే, తన బడి సామాను జనానికి చూపించడానికి పంపారు. తిరిగి వెళుతూ నాలుగు రోజులు సెలవు పెట్టి అక్కగారింట దిగాడు. భుజం మీద మనిషికంటే పొడుగైన చెక్కలు రెండు. నున్నగా, తేనెరంగులో ఉన్నాయి. ఒక కొస పైకి లేచి పడవ ముక్కులా ఉంది. అంచుల వెంబడి సన్నటి ఇనప పట్టీ, మధ్యలో పాదం బిగించుకోవడానికి తోలు పటకా.

"ఏట్రా ఇయి?" అంది కామాక్షి, దూరంగానే నిలబడి.

"స్కీలే అక్కా. మంచుసెక్కలు. కాళ్లకి కట్టుకుని కొండమీంచి జారతాం."

"ఇంత పొడుగువా? మలుపు తిరిగితే గుమ్మం తగల్దేటి?"

"అక్కడ గుమ్మాలుండవే తల్లీ! మంచు తప్ప మరేటుండదు."

"మరి ఆగడం ఎలాగ?"

"అదే నేర్పుతారు ఆర్నెల్లు."

నాగభూషణం నవ్వలేదు. అతని చూపు చెక్కల మీద ఉంది. వాటిని ఎలా కట్టాలా అని చేతులు దురద పెడుతున్నాయి.

త్రినాథరావు సంగతి చెప్పాడు. స్కీలు తనవి కావు, కెప్టెను దొరగారివి. ఆ బడిలో తన ఎత్తుకు సరిపడే జత ఇదొక్కటే. వెళ్లిన మర్నాడే పరీక్ష. అందులో నెగ్గితే అక్కడే నేర్పించే ఉస్తాదును చేస్తారు, లేకపోతే తిరిగి పటాలానికి పంపేస్తారు. రైల్లో వెళితే అందుకోలేడని దొరగారే విశాఖపట్నం నుంచి విమానం టిక్కెట్టు ఏర్పాటు చేశారు.

"విమానంలో సామాన్లెలా ఇసిరేత్తారో తెల్దు బావా. ముక్కు ఇరిగినా, అంచు వంగినా నా పనయిపోయినట్టే. ప్యాకింగు నువ్వు సూసుకో. ఈ జిల్లాలో నీకంటే బాగా కట్టీవోడు ఎవుడున్నాడు?"

ఆ ఆఖరి మాట అనకుండా ఉంటే ఈ కథ లేదు.

"నువ్వు నిశ్చింతగా కవిటి వెళ్లి మీ మామ్మని చూసి రా. ఎల్లుండి వచ్చేసరికి నీ పార్సిలు విమానం మీంచి పడేసినా చెక్కుచెదరదు" అన్నాడు నాగభూషణం.

"ఇమానం మీంచి పడితే నాను సెదిరిపోతాను గదా బావా, పార్సిలుతో పనేటి?" అంటూ త్రినాథరావు కవిటి బస్సెక్కాడు.

నాగభూషణం ఆఫీసుకు సెలవు పెట్టాడు. తలస్నానం చేసి, మడిపంచె కట్టుకుని, పెళ్లికూతుర్ని చూసినట్టు స్కీలను అటూ ఇటూ తిప్పి చూశాడు. అడుగుభాగాలు రెండూ ఎదురెదురుగా ఆనించి పెట్టగానే అతని గుండె కలుక్కుమంది. రెండు కొసలా ఆనుతున్నాయి, మధ్యలో ఆనడం లేదు! రెండు వేళ్లు దూరేంత సందు ఉంది.

"చూశావా కామాక్షీ! చెక్క వంగిపోయింది. మంచులోంచి తెచ్చి మద్రాసు ఎండలో పెడితే వంగదా మరి? పాపం, కుర్రాడు గమనించుకోలేదు."

కామాక్షి వంగి చూసింది. "రెండూ ఒక్కలాగే వంగినాయేటండీ?"

"ఒకే చెట్టువి మరి" అన్నాడు నాగభూషణం.

ఇంత చక్కటి సమాధానం తనకు తక్షణం తోచినందుకు అతనికే ముచ్చటేసింది.

"పోనీ, వాడొచ్చాక ఒకమాట అడిగి..."

"వాడికి చెప్పి గాభరా పెట్టడం ఎందుకు? వచ్చేలోపల సరిచేసి పెడితే సరి. మంచిపని చెప్పి చెయ్యాలా ఏమిటి?"

దేవుడి ముందు దీపం వెలిగించి, చెక్కలు రెండూ ఒకదానిమీద ఒకటి బోర్లించి, సందు పూర్తిగా మూసుకునేదాకా కొబ్బరి తాడుతో బిగించాడు. దాని మీద సన్నికల్లు పెట్టాడు. చాలదనిపించి, దాని పక్కన రాగి గంగాళం నిండా నీళ్లు పోసి పెట్టాడు. "భారం నీదే తండ్రీ" అని దణ్ణం పెట్టాడు. ఆ క్షణంలో స్వామి వద్దని వారించాడేమో తెలియదు. నాగభూషణం అప్పటికే లేచి మేకుల కోసం వెళ్లిపోయాడు.

ఆ రెండు రోజులూ ఇంట్లో పచ్చడి లేదు. కామాక్షి చారన్నం వడ్డిస్తూ, "సన్నికల్లు కాసింతసేపు ఇస్తే మళ్లీ ఎట్టేత్తాను" అంది. "వైద్యం మధ్యలో ఆపకూడదు" అన్నాడు మొగుడు.

ఈలోగా పెరట్లో పెట్టె తయారవుతోంది. జీడిపప్పు డబ్బాలు సర్దే చెక్కపెట్టెలు నాలుగు విప్పించి, దాలయ్యను పిలిచి, కొలిచి కోయించాడు. లోపల వరిగడ్డి ఒక వరస, దాని మీద కొబ్బరిపీచు, మళ్లీ గడ్డి. పైన గోనె, గోనె మీద అడ్డంగా నిలువుగా తాళ్లు. చివరికి దాలయ్య వెనక్కి జరిగి, చెమట తుడుచుకుని చూశాడు.

"బాబూ, ఇది పెట్టా, పడవా? తెడ్డేత్తే బారువ రేవు దాకా ఎలిపోద్ది."

"నీకేం తెలుసురా? బరువుంటేనే భద్రం."

"బద్రమేలెండి. దీన్నెవుడూ దొంగిలించలేడు."

మూడో రోజు మధ్యాహ్నం త్రినాథరావు కవిటి నుంచి కొబ్బరిబొండాల గెలతో వచ్చాడు. వసారాలో అడుగుపెట్టి, సన్నికల్లునూ గంగాళాన్నీ వాటి కింద స్కీలనూ చూసి గెల అక్కడే వదిలేశాడు.

"బావా! ఏటిది? ఏటి సేసినావు?"

"వంకర తీశాను" అన్నాడు నాగభూషణం మురిపెంగా. "నువ్వు చూసుకోలేదు గానీ, మధ్యలో ఇంత సందు ఉందిరా."

త్రినాథరావు గంగాళాన్ని లాగిన లాగుడుకు నీళ్లన్నీ వాకిట్లోకి పారాయి. తాళ్లు కోసేసి, చెక్కల మధ్యకు వేలు పోనిచ్చాడు. ఒక్క వేలే పట్టింది. అదీ కష్టంమీద.

"ఆ వంపే దాని పేణం బావా! మనిసి ఎక్కి నిలబడ్డాక అది అణిగి నేలకి సమానవవుద్ది. అప్పుడు బరువంతా ముక్కునించి తోక దాకా పరుసుకుంతాది. ఇలా సాపు సేసేత్తే బరువంతా నడిమిన పడి మంచులోకి దిగబడిపోదా? ఆ వంపు పోకుండా మేం మజ్జిలో దిమ్మ ఎట్టి మరీ దాసుకుంటాం. నువ్వు మీద రాయెట్టినావు!"

పెట్టె ఊపి లోపల ఏం కదులుతోందో చెప్పగలిగిన నాగభూషణం చెవికి, ఇప్పుడు తన గుండె కొట్టుకోవడం తప్ప ఏమీ వినిపించలేదు. బావమరిది తిడితే బాగుండుననిపించింది. వాడు తిట్టలేదు. గడప మీద కూర్చుని, చెక్కను ఒళ్లో పెట్టుకుని, జ్వరం వచ్చిన పిల్లాణ్ణి నిమిరినట్టు నిమిరాడు.

"తిరిగొస్తాదంటావా వంపు?" అంది కామాక్షి తమ్ముడితో.

"ఏటో మరి. వస్తే వస్తాది. రాకపోతే తిరిగి పటాలానికే."

పెరట్లో ఎండిన కొబ్బరిమట్ట ఉంటే, దాని లావుపాటి మొదలు ముక్క కోసి త్రినాథరావు స్కీల నడిమిన బలవంతంగా దూర్చాడు. కొసలు రెండూ తాడుతో బిగించాడు. ముక్క కదలకుండా పట్టింది. కామాక్షి తన పాత నేతచీర చింపి ముక్కులకు టోపీల్లా చుట్టి కుట్టింది. నాగభూషణం ఆ పూట అన్నం తినలేదు. తినకపోవడంవల్ల చెక్కకు ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా దేవుడి ముందు కూర్చుని, ఇన్నేళ్లలో మొదటిసారి, తన ప్యాకింగు సంగతి ఎత్తకుండా దణ్ణం పెట్టాడు.

చేసిన తప్పు దిద్దుకోవాలన్న ఆత్రంలో పెట్టెకు ఇంకో వరస పలకలు కొట్టించాడు. విశాఖపట్నం దాకా తానూ బయల్దేరాడు. పంపేసి వస్తూ వస్తూ సింహాచలం అప్పన్నకు దణ్ణం పెట్టుకుని సమర్పించాలని, కొత్త పొందూరు పంచెల చాపు ఒకటి సంచీలో పెట్టుకున్నాడు.

రైల్లోకి ఎక్కించడానికి నలుగురు పట్టారు. విమానాశ్రయంలో దించడానికి టాక్సీవాడు పట్టనన్నాడు. బావా బావమరదులిద్దరే మోసుకుంటూ లోపలికి వెళుతుంటే జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఒకాయన ఎవరిదో శవమనుకుని చెప్పులు విప్పి దణ్ణం కూడా పెట్టాడు.

సామాను చూసే గుమాస్తా తెల్లచొక్కా కుర్రవాడు. పెట్టెను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమిటండీ ఇది?"

"స్కీలు బాబూ" అన్నాడు నాగభూషణం. "ప్యాకింగు ఫస్టుక్లాసు. నేనూ పార్సిలు గుమాస్తానే. రైల్వేలో."

"రైల్వేలో అయితే ఒక వాగను ఇస్తారు. మా విమానానికి సామాను తలుపు ఇంతే ఉంటుంది." అతను చేతులు చాచి చూపించాడు. "ఈ పెట్టె దూరదు. లోపలివి మాత్రం అయితే దూరతాయేమో. త్వరగా తేల్చండి, టైమవుతోంది."

నాగభూషణం జీవితంలో ఎందరికో చెప్పిన "మళ్లీ కట్టుకురా" అన్నమాట తనకు తగలడం ఇదే మొదలు. ఆ మాట చెప్పించుకోవడం ఎంత చేదుగా ఉంటుందో కూడా అప్పుడే తెలిసింది. చాకు అడిగి తీసుకుని, తాను కుట్టించిన గోనెను తానే పరపరా కోశాడు. మేకులు ఊడబీకాడు. గడ్డి, పీచు విమానాశ్రయం గచ్చంతా పరుచుకున్నాయి. ఊడ్చే మనిషి చీపురు చంకలో పెట్టుకుని వేడుక చూస్తూ నిలబడింది.

త్రినాథరావు స్కీలను పైకి లేపాడు. టక్కున ఏదో గచ్చు మీద పడింది. మట్టముక్క!

నాగభూషణం పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో! బలంగా దూర్చింది కదరా, ఊడిపోయింది. విరిగిందా ఏమిటి?"

త్రినాథరావు గచ్చు మీద మోకాళ్లూని, తాళ్లు సడలించి, రెండు చెక్కల మధ్యకు వేళ్లు పోనిచ్చాడు. రెండు వేళ్లూ సులువుగా దూరాయి. అరచేత్తో నొక్కి వదిలాడు. చెక్క అణిగి, మళ్లీ లేచి నిలబడింది.

"ఊడిపోలేదు బావా. సందు పెరిగి జారిపోనాది! వంపు తిరిగొచ్చీసింది సూడు, నొక్కి సూడు!"

నాగభూషణం భయం భయంగా ఒక వేలితో నొక్కాడు. చెక్క అతని వేలిని మెత్తగా వెనక్కి తోసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గడ్డిదుమ్ము అనుకోమన్నట్టు తుడుచుకున్నాడు.

"అలా వదిలెయ్యకండి" అన్నాడు గుమాస్తా. "ఈ ఇనప అంచులు పక్కవాళ్ల సూట్‌కేసుల్ని కోసేస్తాయి. ఏదైనా చుట్టండి."

గోనె చూస్తే పీలికలై ఉంది. గడ్డీ పీచూ లోపలికి రానివ్వనన్నాడు. త్రినాథరావు మట్టముక్క చుట్టూ చేతిరుమాలు చుట్టి బిగువుగా మళ్లీ మధ్యలో దూర్చి, చుట్టూ వెతికాడు. నాగభూషణం చూపు సంచీ మీదికి పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయింది. చివరికి పొందూరు చాపు బయటికి తీశాడు.

ఆ మడతలు చూడగానే త్రినాథరావు మొహంలో పాత అల్లరి తిరిగొచ్చింది.

"ఎంతకాలానికి బావా! మీ పెళ్లిలో పేలాలు పోసిన బామ్మర్దికి కొత్తబట్టలు పెట్టాలి. 'పంచెలు ఇంకా రాలేదురా, దీపావళికి పెడతాను' అన్నావు. ఎన్ని దీపావళులెల్లిపోనాయి! అక్క ఉత్తరం రాసినప్పుడల్లా అడుగుతున్నాను, మా బావకి పంచెలొచ్చినాయా అని."

"వచ్చాయిరా" అన్నాడు నాగభూషణం.

"అయితే సుట్టెయ్యి తొరగా."

"ఉండు. ఉత్తినే చుట్టకూడదు."

గుమాస్తా గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. నాగభూషణం సంచీ అడుగున అప్పన్న కోసం తెచ్చిన కుంకుమ పొట్లం విప్పి, బావమరిదిని తూర్పుముఖంగా తిప్పి నిలబెట్టి, నుదుట బొట్టు పెట్టాడు. చాపును రెండు చేతులా పట్టుకుని వాడి చేతుల్లో పెట్టాడు. సైనికుడు అటెన్షన్‌లో నిలబడి పుచ్చుకున్నాడు. పుచ్చుకున్న మరుక్షణం నాగభూషణం దాన్ని వాడి చేతుల్లోంచి మళ్లీ లాక్కుని, ఒక పంచె విప్పి స్కీలకు ముక్కునుంచి తోక దాకా చుట్టాడు. రెండో పంచెను దాని మీద చుట్టి, కొసలు ముడేసి, ఊపి చూడబోయి, మానేసి, గుమాస్తా చేతికి ఇచ్చాడు.