మూడో సైనికుడి చూపు

ఇంట్లో అందరూ ప్రొఫెసరమ్మా అని ఆటపట్టిస్తారు గానీ, ఆమెకి ఇంకా డాక్టరేటే రాలేదు. ఇవాళ వైవాలో పెద్దల ప్రశ్నలకి జవాబు చెప్పి గట్టెక్కితే కాలేజీలో ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్లీ బావగారి జిరాక్సు షాపే గతి. అందరి థీసిస్‌లూ కాపీలు తీసీ తీసీ, తనకీ ఒకటి ఉండాలన్న కసి పుట్టింది ఆమెకి.

ఒక పాత ఇంగ్లీషు నాటకాన్ని, దొరలు వెళ్లిపోయాక మనవాళ్లు సినిమాగా ఎలా మార్చుకున్నారన్నది ఆమె పరిశోధన. ఆ సినిమాలో పట్టాభిషేకం జరుగుతుండగా మూడో సైనికుడు రాజుగారి మీంచి చూపు తిప్పి, కోపంగా పక్కకి చూస్తాడు. ఆ చూపులో సామ్రాజ్యాన్ని ధిక్కరించే సామాన్యుడు కనబడ్డాడు ఆమెకి. దాని మీద ఏకంగా ఒక అధ్యాయమే రాసిపారేసింది. "పాపం ఊరికే చూశాడేమోనమ్మా" అన్నారు గైడుగారు. ఆమె వింటేగా.

వైవాకి పరీక్షకుడిగా బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన బట్టతల పెద్దాయన సరిగ్గా ఆ అధ్యాయం మీదే వేలు పెట్టాడు.

"ఈ సైనికుడెవరో తెలుసామ్మా?"

"తెలీదు సార్. టైటిల్స్‌లో పేరు వెయ్యలేదు."

"నేనే."

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. గైడుగారు కిటికీలోంచి బయటికి చూడసాగారు.

"చదువుకునే రోజుల్లో సరదాకి వెళ్లి ఈటె పట్టుకుని నిలబడ్డాను. ధిక్కారమూ లేదు, పాడూ లేదు. భోజనాల వ్యాను వచ్చిందేమోనని చూశా. ఇప్పుడేమంటావు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. అయిందేదో అయిందని తెగించింది.

"వ్యాను వచ్చిందా సార్?"

"వచ్చింది."

"ముందు ఎవరికి పెట్టారు?"

"ఇంకెవరికి, రాజు వేషగాడికి. తర్వాత డైరెక్టరు, కెమెరా వాళ్లు."

"మరి మీకు?"

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అడుగున మిగిలింది మాకు. రోజూ అంతే. కిరీటమైనా తియ్యకుండా మా ఎదురుగానే కూర్చుని తినేవాడమ్మా వాడు." ఇన్నేళ్లయినా ఆయన గొంతులో ఆ మంట చల్లారలేదు.

"నేను రాసిందీ అదే కదండీ" అంది ఆమె, నెమ్మదిగా.

గదిలో ఎవరూ నవ్వలేదు. పెద్దాయన ఆ పేజీ మరోసారి చదువుకుని, కాగితాలు ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు.

"ఒక్క దిద్దుబాటు ఉందమ్మా. కోపంగా చూశాడని రాశావు. చాలా కోపంగా అని మార్చు."