పీలిక కట్టిన కాయ

పందిరికి పద్నాలుగు సొరకాయలు వేలాడుతున్నాయి. వాటిలో ఒక్కటీ జోహ్రా కాయ కాదు.

జోహ్రా కాయ కుండలా గుండ్రంగా ఉండేది. నాగాయలంక పుట్టింటి నుంచి పెళ్లైన ఏడాది రుమాల్లో కట్టి తెచ్చుకున్న విత్తనం. ముప్ఫై ఆరేళ్లు ఈ చిలకలపూడి పెరట్లో అదే కాసింది. ఏటా ఒక మంచి కాయ తొడిమకి పాత చున్నీ పీలిక కట్టేది. అది విత్తనానికే, దాల్చా పప్పులోకి కోయడానికి వీల్లేదు. నిరుడు పీలిక కట్టిన కాయ ఎండేలోగా ఆమే వెళ్లిపోయింది. తుఫాను తేమకి లోపలి గింజలు చాలావరకు బూజు పట్టాయి. మిగిలిన తొమ్మిదీ భర్త తాహిర్ నాటితే నాలుగు మొలిచాయి. ఇప్పుడు కాయలు దిగితే, మెడలు సాగి, అడుగున మాత్రం కాస్త బొద్దుగా ఉన్నాయి.

ఎందుకో ఆయనకి తెలుసు. కాలేజీలో బోటనీ చెప్పినవాడు. నిరుడు జోహ్రా మంచం పట్టినప్పుడు సొరరసం ఇమ్మన్నారు. త్వరగా కాస్తుందని కొట్లో పొడుగు సొర ప్యాకెట్టు కొని అదే పందిరికి పాకించాడు. పురుగు ఈ పువ్వు మీంచి ఆ పువ్వు మీద వాలి రెండు రకాలూ కలిసిపోవడం ఏటా బోర్డు మీద గీసి చూపించిన చెయ్యే ఆ పని చేసింది.

"మాస్టారూ, రొయ్యలు!" గిలకలదిండి నుంచి వచ్చే గంగాదేవి గంప దించి పైకి చూసింది. "ఇదేంటండీ, ఈసారి బాతులు కాశాయి?"

"నా చేత్తోనే ఆవిడ విత్తనం పోగొట్టాను గంగాదేవీ."

ఆమె నవ్వు ఆగిపోయింది. "జోహ్రక్కకి తెలుసండీ. కిటికీలోంచి చూసి, 'కలిసిపోద్దే, నా కాయ పాడైపోద్ది' అంది. పీకేయనా అక్కా అంటే తిట్టింది. 'ఊరుకోవే. పుస్తకాల్లో తప్ప ఏనాడూ మొక్క ముట్టని మనిషి, నాకోసం పొద్దున్నే నీళ్లు పోస్తున్నాడు' అంది."

"మరి తెలిసీ దానికి పీలిక ఎందుకు కట్టింది?"

"ఏమోనండీ. తీగ కిటికీ దగ్గరికి లాగమంది. తనే కట్టింది."

తాహిర్ వంటింట్లోకి వెళ్లాడు. గింజలు తీసిన నిరుటి సొరబుర్ర మేకుకి వేలాడుతోంది, తొడిమకి ఆకుపచ్చ పీలికతో. ముడి విప్పబోయాడు. అది జోహ్రా వేసిన ముడి. వేళ్లు ఆగిపోయాయి.

జేబురుమాలు చించుకుని పెరట్లోకి వచ్చి, అన్నిటికన్నా బొద్దుగా ఉన్న కాయకి కట్టాడు. జారిపోయింది. మళ్లీ కట్టాడు.

"అట్టా కాదండీ, గాలికి ఊడిపోద్ది. ఇటివ్వండి, నేను కడతాను."

"వద్దు," అన్నాడు తాహిర్. తొడిమ సరిగ్గా కనబడడం లేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మూడోసారి మొదలుపెట్టాడు.