ఎర్రన్న వండిన సంగటి

ఎర్రన్నకు పెండ్లయి ఇరవై అయిదేళ్లు. ఆ ఇరవై అయిదేళ్లలో ఆయన వంటింట్లోకి వెళ్లింది మంచినీళ్లు ముంచుకోవడానికీ, పొయ్యిలో బీడీ అంటించుకోవడానికీ తప్ప మరి దేనికీ కాదు. గార్లదిన్నెకు మూడు మైళ్ల దూరంలోని పల్లెలో ఎనిమిదెకరాల చెనిక్కాయ చేను, నాలుగు పాడి ఎనుములు, అదే ఆయన లోకం. అట్లాంటి మనిషికి 2004లో ఒక ఆదివారం పొద్దున భార్య బయమ్మ సంగటి దబర అప్పగించింది.

ఆ రోజు వచ్చేవాళ్లు బయమ్మ స్నేహితురాళ్లు. పదో తరగతి దాకా ఆమెతో ఒకే బల్ల మీద కూర్చుని చదివినవాళ్లు. హేమావతి కొత్తచెరువులో డ్రిల్లు టీచరమ్మ. వరలక్ష్మమ్మ మడకశిరలో బట్టలంగడి వాళ్ల కోడలు, మాంసం ముట్టదు. సరోజ ధర్మవరంలో నర్సు. మూడు నెలల కిందట సంతలో హేమావతీ బయమ్మా ఎదురుపడి, ఒకరినొకరు పోల్చుకుని, టమేటా గంపల మధ్యే కావిలించుకుని ఏడ్చారు. ఆ ఏడుపులోనే ఈ విందు ఖాయమైపోయింది.

బయమ్మ కోడి కూయకముందే లేచింది. నాటుకోడి పులుసు అయింది. వరలక్ష్మమ్మ కోసం వేరే పొయ్యి మీద వంకాయ కూర అయింది. చెనిక్కాయలు నూరిన ఊరుబిండి, పూర్ణం పెట్టిన ఓళిగలు కూడా అయ్యాయి. వేడివేడిగా తినాలని సంగటి ఒక్కటే చివరికి పెట్టుకుంది. అంతలో రోడ్డు మీద బస్సు హారను వినబడింది.

“అయ్యో, బస్సు ముందే వచ్చేసినాదే!” చెంగుతో చేతులు తుడుచుకుంది బయమ్మ. “ఏమయ్యా, దబరలో బియ్యం ఉడుకుతాండాయి. రోంతసేపు ఆగి, అలమరలో డబ్బా ఉండాది చూడు, ఆ పిండి నాలుగు గ్లాసులు పోసి మూత పెట్టు. గెలకొద్దు. నేనొచ్చి గెలుకుతా.”

“ఆ మాత్రం తెలీదా నాకు? పో, పో,” అన్నాడు ఎర్రన్న.

అలమరలో డబ్బాలు రెండున్నాయి. రెండూ పాతవే, రెండూ ఒకే తీరువి. ముందున్నది తీశాడు. లోపల గోధుమరంగు పొడి. మూడు దినాలుగా పడిశం పట్టి ముక్కు మూసుకుపోయిన మనిషికి వాసన ఏం తెలుస్తుంది? నాలుగు గ్లాసులు కొలిచి పోసి, మూత పెట్టి, ఇంత సులువైన పనికి ఆడవాళ్లు అంత ఆయాసపడతారెందుకో అనుకున్నాడు.

కాసేపటికి మూత కదిలింది. దాని అంచుల కింద నుంచి తెల్లటి నురుగు తొంగి చూసింది. పొంగుతోందేమోనని ఎర్రన్న మూత తీశాడు. నురుగు జానెడు పైకి లేచింది. గెలకొద్దన్న మాట మరిచిపోయి కట్టె పెట్టి గెలికాడు. అది మూరెడయింది. చెంబెడు నీళ్లు కుమ్మరించాడు. ఇక దానికి పట్టపగ్గాల్లేవు. బుసబుసా పొంగి, దబర దాటి, పొయ్యిలోకి దిగి, మంట ఆర్పి, ఇల్లంతా పొగ చేసి, ఓళిగల పళ్లెం వైపు పాకింది.

“ఓయమ్మో!” అంటూ ఎర్రన్న పళ్లెం ఎత్తి అటక మీద పెట్టాడు. తర్వాత తువ్వాలుతో దబర పట్టుకుని, ఎవరూ చూడకముందే దిబ్బలో కుమ్మరిద్దామని దొడ్డివాకిలి గుండా బయటికి పరుగెత్తాడు.

సరిగ్గా అప్పుడే, చేను చూపిస్తూ ముగ్గురు స్నేహితురాళ్లనూ అడ్డదారిలో తీసుకొచ్చిన బయమ్మ, వాళ్లతో దొడ్లో నిలబడి ఉంది.

ఎర్రన్న ఆగిపోయాడు. మీసాల మీద నురుగు, మోచేతుల దాకా నురుగు. పేరంటానికి వచ్చినట్టు పట్టుచీరలు కట్టుకున్న ముగ్గురు ఆడవాళ్ల ముందు భార్యకు తలవంపులు తెచ్చానే అనుకున్నాడు.

బయమ్మ దగ్గరికొచ్చి దబరలోకి వంగి వాసన చూసింది.

“సీకాయ పొడి,” అంది.

ఆ వెంటనే నవ్వింది. కడుపు పట్టుకుని, రాతిగోడకు ఆనుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. ఇన్నేళ్ల కాపురంలో ఎర్రన్న ఆ నవ్వు వినలేదు.

“పారబోయొద్దన్నా!” వరలక్ష్మమ్మ ముందుకొచ్చింది. “బస్సులో దుమ్ము కొట్టుకుని వచ్చినాము, తలకు పోసుకుంటాం!”

“మీ ఆయన్ని ఏమీ అనొద్దు మే,” అంది సరోజ. “నువ్వేం తక్కువ దానివా? అనంతపురం ఆటలకు పోయినప్పుడు జట్టు మొత్తానికీ ఉప్మా చేస్తానని ఉప్పనుకుని సున్నం కలిపినావు గదా!”

“ఏం జట్టు?” అడిగాడు ఎర్రన్న.

“ఏమన్నా, నీకు తెలీదా? వాలీబాల్ జట్టు! బయమ్మే మాకు కెప్టెను. జిల్లాలో రెండో స్థానం వచ్చినాము,” అంది సరోజ.

ఎర్రన్న భార్య వైపు తిరిగాడు. “నాకెప్పుడూ చెప్పలేదే?”

“నువ్వెప్పుడన్నా అడిగినావా?” అంది బయమ్మ. ఆ మాటలో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. కానీ ఎర్రన్నకు అది ఎక్కడో తగిలింది.

కొంగులు నడుముల్లో దోపుకుని నలుగురూ వంటింట్లోకి జొరబడ్డారు. ఒకరు పొయ్యి తుడిచారు, ఒకరు ఊది మంట చేశారు, ఒకరు కొత్తగా ఎసరు పెట్టారు. ఈసారి రాగిపిండి డబ్బాను నలుగురూ వాసన చూశారు. సంగటి గెలికే పని మాత్రం ఎర్రన్న మీదే వేశారు. ఇద్దరు దబర కదలకుండా పట్టుకుంటే, ఆయన రెండు చేతులతో కట్టె తిప్పాడు. చొక్కా తడిసిపోయింది.

“ఆ మూలన గడ్డ ఉండాది! గట్టిగా తిప్పన్నా!” అంటూ హేమావతి డ్రిల్లు చేయించినట్టే చేయించింది.

మధ్యాహ్నం దాటాక తిన్నారు. సంగటిలో అక్కడక్కడా పిండి గడ్డలు తగిలినా ఎవరూ వదిలిపెట్టలేదు. వరలక్ష్మమ్మ వంకాయ కూరతో రెండు ముద్దలు తిని మూడోది అడిగింది.

చల్లబడ్డాక హేమావతి సంచిలోంచి బంతి తీసింది. దొడ్లో వేపచెట్టుకూ ఎనుముల కొట్టం గుంజకూ మోకు కట్టారు. నలభై దాటిన నలుగురు ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా అటూ ఇటూ నిలబడ్డారు. మొదట బంతి ఎనుముల మీద పడింది, గడ్డివామి మీద పడింది. అప్పుడు బయమ్మ చెప్పులు విడిచి, వెనక్కి రెండడుగులు వేసి, బంతిని పైకి ఎగరేసి కొట్టింది. అది మోకు మీదుగా దూసుకుపోయి సరోజ కాళ్ల ముందు దుమ్ము లేపింది.

అరుగు మీద కూర్చున్న ఎర్రన్న గబుక్కున లేచి నిలబడ్డాడు.

“ఇంకోటి కొట్టు బయమ్మా!” అని ఊరంతా వినబడేలా అరిచాడు.