పీటల పలక

చేతులు వణికేవాడికి రంపం దగ్గర ఏం పని అని కల్వకుర్తిలో ఎవరూ వీరేశాన్ని అడగలేదు. తెలిస్తే కదా అడగడానికి! తెలిసింది భార్య పుష్పకొక్కదానికే. ఇది తగ్గే జబ్బు కాదని మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు చెప్పిన మాటను ఇద్దరూ కడుపులో దాచుకుని రోజూ వడ్రంగి కొట్టు తెరుస్తున్నారు. ఎవరూ చూడనప్పుడు చాయ్ గ్లాసు ఆమే అతని నోటికి అందిస్తోంది.

అంతలో ఊళ్లో కురుమయ్య బిడ్డ పెళ్లి కుదిరింది. వధూవరుల పీటలు రెండూ ఒకే చెక్కలోంచి రావాలని ఆయన పంతం. మందపాటి టేకు పలక తెచ్చి దించి, "నీ చేతి మీద నమ్మకంతోని తెచ్చిన" అని వెళ్లిపోయాడు. దాన్ని అంచు మీద నిలబెట్టి, మందంలో సగానికి రెండు పలకలుగా చీల్చాలి. వీరేశానికి ఒకప్పుడు అది నల్లేరు మీద బండి నడక. ఇప్పుడు ఆ ఒక్క కోత కుదిరితే తానింకా వడ్లాయన, కుదరకపోతే మూల కూర్చునే రోగి. వద్దని పంపేద్దామని పుష్ప ఎంత చెప్పినా వినలేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, అందులోనూ రోగం ముదిరిన మొండివాడు.

పనిలో మాత్రం తొందరపడలేదు. లోపల మేకులున్నాయేమోనని పలకంతా తడిమాడు. కరెంటు రంపం బ్లేడును బల్ల పైకి పలక సగం వెడల్పుకే లేపాడు. లోతంతా ఒకేసారి కోయబోతే చెక్క రంపాన్ని బిగబట్టి మనిషి మీదికే తన్నుతుంది. అందుకని ఒక అంచు నుంచి సగం, తిప్పి రెండో అంచు నుంచి సగం. పుష్ప చీర మీద అతని పాత చొక్కా తొడుక్కుని, కొంగు లోపలికి దోపి, స్విచ్ దగ్గర నిలబడింది.

మొదటి అంచు సాఫీగా వచ్చింది. పాపం, అతనికి ఆశ పుట్టింది. రెండో అంచు సగం దాటేసరికి కుడిచెయ్యి ఊగిపోయింది. పలక తనను తిన్నగా నడిపే ఇనుప పట్టీని వదిలి వంకర తిరిగింది, రంపం కీచుమంది. పుష్ప స్విచ్ ఆపేసింది. బ్లేడు మెల్లగా నిలిచింది.

"నువ్వు గా స్టూలు మీద కూసో. నేను తోస్తా, నువ్వు చెప్పు" అంది.

పెళ్లైన నాటి నుంచి ఆమెను రంపం ముందుకు రానివ్వని మనిషి వెళ్లి కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. పలకను వెనక్కి తీసి, కోసిన సందు మూసుకోకుండా చెక్కముక్క దూర్చమన్నాడు. పలకకు ఎదురుగా కాక ఓ పక్కకు నిలబడమన్నాడు. చివరికొచ్చాక వేళ్లు తీసేసి కర్రతో నెట్టమన్నాడు. ఆమె ఒక్కటీ తప్పలేదు. పలక రెండుగా విడిపోయింది. మధ్యలో పడిన వంకర చిత్రిక పడితే పోయేంతే.

వీరేశం లేచి నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖం విప్పారింది.

"రేపటి సంది నువ్వే కొయ్యి పుష్పా. నేను పక్కన కూసోని చెప్త."

"నాతోని గాదు" అంది పుష్ప. "గిది నీ కోసమే కోసిన. పీటలిచ్చినంక మిషన్ అమ్మేద్దాం."

అతను వాదించబోయి ఆమె చేతులు చూశాడు. పొట్టు అంటిన ఆ వేళ్లు అతని వేళ్లలాగే వణుకుతున్నాయి, భయంతో. ఇద్దరూ పలకల పక్కన కింద కూలబడ్డారు.

కాసేపటికి ఆమె వేళ్ల వణుకు ఆగింది.