గ్రిజెల్ చేర్చిన నాలుగు వాక్యాలు

హ్యూ ఓగిల్వీ పాదిరిగారి కడుపునొప్పికి మూడేళ్లు నిండాయి. ఆ మూడేళ్లలో బాన్ఫ్ పట్నం నుంచి వచ్చే వైద్యుడు ఆయన చేతి నుంచి నాలుగుసార్లు నెత్తురు తీశాడు, సునాముఖి కషాయం తాగించాడు, ఆముదం పట్టించాడు. చివరికి "ఇది నావల్ల అయ్యేది కాదండీ, ఎడింబరోలో డాల్గార్నోగారికి రాసి చూడండి" అని తప్పుకున్నాడు.

డాక్టర్ డాల్గార్నోకి ఉత్తరం రాయడం ఆ సముద్రతీరపు ఊళ్లలో కొత్తేమీ కాదు. జబ్బు సంగతి వివరంగా రాసి, మడతలో ఫీజుగా ఒక గినీ బంగారు నాణెం పెట్టి పంపితే రెండు మూడు వారాల్లో జవాబు వచ్చేది. ఆయన ముఖం ఎరిగినవాళ్లు లేరు గానీ, ఆయన రాసిన మందు మింగని పెద్దిళ్లు మాత్రం తక్కువ.

రాయవలసింది గ్రిజెల్. ఆమె పాదిరిగారి అక్క, ఆయనకన్నా నాలుగేళ్లు పెద్ద. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడికి ఈ చర్చి దొరికిన నాటి నుంచి ఇంటి తాళాలు ఆమె నడుముకే ఉన్నాయి. ఆ వేసవి నుంచి హ్యూకి కలం పట్టడం కష్టమైంది. ప్రసంగాలు రాసి రాసి చెయ్యి అలిసిపోయిందని అనేవాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఇద్దరూ పొయ్యి ముందు కూర్చున్నారు.

"రాయక్కా. భోజనమైన గంటకు బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు మొదలవుతుంది. గాలి పైకీ రాదు, కిందికీ పోదు."

"కిందికి అని కూడా రాయాలా? పెద్దమనిషికి రాస్తున్నాం."

"డాక్టరుకి రాస్తున్నాం. రాయి. విరేచనం ఆరు రోజులకోసారి, మేక పెంటికల్లాగా."

పొయ్యిలో పీట్ అనే ఎండు మట్టిగడ్డలు వేస్తున్న ముసలి పనిమనిషి ఎల్స్పెట్ తల తిప్పకుండానే అంది: "గొర్రె పెంటికలండీ అయ్యగారూ. పారబోసేదాన్ని నేను కదా. గినీ పోసి రాయిస్తున్నారు, సరిగ్గా రాయించండి."

గ్రిజెల్ గొర్రె అనే రాసింది. తిండి దగ్గరికొచ్చారు. పొద్దున ఓట్ల జావ, మధ్యాహ్నం బార్లీ సూపు, ఉప్పుచేప, రాత్రికి ఓట్ల రొట్టె, జున్ను. "యాపిల్ రసం?" అని అడిగింది గ్రిజెల్.

"అది వద్దు."

"తిన్నదీ తాగిందీ అంతా రాయాలని బాన్ఫ్ వైద్యుడు చెప్పాడుగా."

"నన్ను నిలబెడుతున్నది అదొక్కటే. పేరు కనిపిస్తే చాలు, ఈ డాక్టర్లు మానెయ్యమంటారు. వదిలెయ్యి."

ఆమె వదిలేసింది. పెరటి గోడ పక్క చెట్లకు కాసే పుల్లటి యాపిళ్లను దంచి, రసం పిండి, ఏడాది పొడుగునా నిలవ ఉంచేది గ్రిజెల్. హ్యూ సాయంత్రానికో గ్లాసు తాగేవాడు. తన చేతి రసం తమ్ముడికి సుఖాన్నిస్తోందని ఆమెకు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఉత్తరం పదకొండు పేజీలైంది. నవంబరులో జవాబొచ్చింది. ఇది పుస్తకాల ముందు కూర్చునేవాళ్లకు వచ్చే జబ్బు, కదలిక లేక పేగులు మందగించాయి, రోజూ రెండు మైళ్లు గుర్రమెక్కండి, ఆకుకూరలు మానండి, రాత్రిపూట విరేచనానికి రేవల్చిని పొడి వేసుకోండి అని డాక్టరు రాశాడు. హ్యూ ఒక రైతు దగ్గర పొట్టి గుర్రం అడిగి తెచ్చుకుని, సముద్రపు గాలిలో వణుకుతూ తిరిగాడు. ఇంటికొచ్చి, ఒళ్లు హూనమైందని రెండు గ్లాసుల రసం తాగేవాడు. క్రిస్మస్ దాటేసరికి నొప్పి రెట్టింపైంది. గుర్రం దిగి తిన్నగా మంచం మీద బోర్లా పడేవాడు.

జనవరిలో ఒక ఆదివారం ఆరాధన చివర ఆశీర్వాదానికి ఆయన చేతులెత్తాడు. రెండు అరచేతులూ మణికట్ల దగ్గర తడిసిన చేతితొడుగుల్లాగా వేలాడాయి. జనమంతా తలలు వంచి ఉన్నారు. ముందు బల్ల మీద గ్రిజెల్ ఒక్కతే చూసింది. హ్యూ వెంటనే చేతులు దించి వేదిక అంచు పట్టుకున్నాడు.

ఇంటికి రాగానే ఆమె అడిగింది. "ఎన్నాళ్ల నుంచిరా?"

"ఏం ఎన్నాళ్ల నుంచి?"

"నాతో నటించకు. చేతులు."

"చలికి. డాక్టరుకి మళ్లీ రాద్దాం, కానీ చేతుల ఊసెత్తకు. కడుపుకీ చేతులకీ ఏమిటి సంబంధం? సంఘపెద్దలకు తెలిసిందంటే సహాయానికంటూ ఇంకో పాదిరిని తెచ్చి నా నెత్తిన కూర్చోబెడతారు."

రెండో ఉత్తరం తొమ్మిది పేజీలు. అందులోనూ గాలే, గుర్రమే. హ్యూ వాలుతున్న చేత్తో ఎలాగో సంతకం గీకి పడుకున్నాడు. గ్రిజెల్ కాసేపు కాగితం ముందు కూర్చుంది. తమ్ముడి మాట కాదని అతని ఉత్తరంలో చెయ్యిపెట్టడం ఇదే మొదటిసారి. చివరికి సంతకం కింద చిన్న అక్షరాలతో రాసింది:

"మా తమ్ముడి చేతులు మణికట్ల దగ్గర వాలిపోతున్నాయి, ఆ మాట రాయవద్దన్నాడు. నొప్పి వచ్చినప్పుడు కడుపు గట్టిగా అదిమితే అతనికి సుఖంగా ఉంటుంది. ఇంట్లో అందరం ఒకే కుండలోది తింటాం, మిగతా ఎవరికీ ఏ బాధా లేదు. అతను ఒక్కడే తాగేది నేను చేసే పుల్లటి యాపిల్ రసం."

లక్క ముద్ర వేసి, మనసు మారకముందే టపాకి పంపేసింది.

ఈసారి జవాబు పన్నెండో రోజుకే వచ్చింది. పైన పేరు హ్యూది కాదు, మిస్ గ్రిజెల్ ఓగిల్వీది. ఆమె గుమ్మంలోనే నిలబడి విప్పింది. ఒకటే పేజీ.

"అమ్మా, మీ తమ్ముడుగారి ఇరవై పేజీలు నన్ను దారి తప్పించాయి. మీ నాలుగు వాక్యాలు దారిలో పెట్టాయి. రసం ఎందులో నిలవ ఉంచుతారు? లోపల పచ్చని మెరుగుపూత ఉన్న మట్టిజాడీ అయితే, ఖాళీ చేసి వేలితో తడమండి. రసం నిలిచినంత మేరా నునుపు పోయి గరుగ్గా ఉంటే, పూతలోని సీసం రసంలోకి దిగిందని అర్థం. పులుపు సీసాన్ని కరిగిస్తుంది. కరిగిన సీసం తియ్యగా ఉంటుంది, అందుకే రోగికి రుచిస్తుంది. ఇక చుక్క కూడా ఇవ్వకండి. పాలు, వెన్న, ఆముదం ఇవ్వండి. ఏం కనబడిందో నాకు రాయండి."

జాడీ సరుకుల గదిలో ఉంది. నాలుగేళ్ల కిందట సంతలో కొన్నది, ఆమె మోకాలెత్తు ఉంటుంది. గ్రిజెల్ రసమంతా పెరట్లో పారబోసి, గౌను చెయ్యి భుజం దాకా మడిచి, లోపలికి చెయ్యి పెట్టింది. మూతి దగ్గర గాజులా నున్నగా ఉంది. జానెడు దిగేసరికి వేలికి ఇసుక రాసినట్టు తగిలింది. అడుగు దాకా అంతే.

"ఏం వెతుకుతున్నారమ్మగారూ? ఎలుక పడిందా?" ఎల్స్పెట్ గుమ్మంలో నిలబడింది.

గ్రిజెల్ ఉత్తరం చదివి వినిపించింది. ముసలామె జాడీలోకి తొంగి చూసింది. "మీరేం కావాలని చేశారా?" అంది.

"పోసింది మాత్రం కావాలనే, ఎల్స్పెట్. నొప్పొచ్చిందని మూలిగిన ప్రతిసారీ ఇంకో గ్లాసు పోశాను."

"అయ్యగారికి చెప్తారా?"

"ముందు వాడికి నయం కానీ."

హ్యూతో రసం చెడిపోయిందని చెప్పింది. డాక్టరు పాలూ వెన్నా తీసుకోమన్నాడని మాత్రం చదివింది. హ్యూ చిన్నపిల్లాడిలా అలిగాడు. "నాలుగేళ్లలో ఎన్నడూ చెడనిది ఇప్పుడెలా చెడింది? మూత సరిగ్గా పెట్టి ఉండవు." మొదటి వారం రోజులూ నొప్పి తగ్గలేదు. రెండో వారం ఒక రాత్రంతా నిద్రపోయాడు. నెల తిరిగేసరికి మనిషి బల్ల దగ్గర కూర్చుని మారు వడ్డించమని అడిగాడు. అదంతా గుర్రపు స్వారీ ప్రభావమని తేల్చుకుని, కనబడ్డవాళ్లందరికీ స్వారీ గురించి చెప్పసాగాడు. డాక్టరుకి రాయవలసిన జవాబు గ్రిజెల్ ఇవాళ రేపు అంటూ వాయిదా వేస్తూనే ఉంది.

మార్చిలో బడిపంతులు క్రూడెన్ వచ్చాడు. మనిషి పాలిపోయి ఉన్నాడు.

"అయ్యగారూ, ఆ ఎడింబరో డాక్టరుగారి చిరునామా ఇప్పించండి. మీకున్నదే నాకూ పట్టుకున్నట్టుంది. బొడ్డు చుట్టూ మెలిపెడుతోంది."

"చిరునామా ఎందుకయ్యా, గినీ దండగ!" హ్యూ ఉత్సాహంగా ముందుకు వంగాడు. "గుర్రం ఎక్కు. నేను చెప్తున్నాగా."

గ్రిజెల్ కుట్టుపని ఒళ్లో పెట్టేసింది. "పంతులుగారూ, మీ ఆవిడ ఎఫీ క్యాబేజీ ఎందులో ఊరబెడుతుంది?"

"పచ్చ జాడీలో. మీరు కొన్న రోజే, మీరు చెబితేనేగా అదీ కొన్నది. రోజూ తింటాను, ఎందుకు?"

ఇక దాచడానికి లేకపోయింది. ఉత్తరం తెచ్చి ఇద్దరి ముందూ మొదటి నుంచి చివరిదాకా చదివింది. జాడీలో చెయ్యి పెట్టిన సంగతీ, పారబోసిన సంగతీ, రసం చెడిపోయిందని అబద్ధమాడిన సంగతీ చెప్పింది. క్రూడెన్ టోపీ పట్టుకుని గబగబా వెళ్లిపోయాడు. హ్యూ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"నాతో చెప్పకుండా నా ఉత్తరంలో రాశావు."

"రాశాను."

"నెల రోజులుగా నన్ను ఊళ్లో గుర్రం కబుర్లు చెప్పనిచ్చావు."

"చెప్పడానికి నోరు రాలేదురా. నా చేతులతో పోశాను."

ఆయన లేచి తన గదిలోకి వెళ్లాడు. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. జావ ఎల్స్పెట్ చేతే చేయించుకుని, ఎల్స్పెట్ చేతి నుంచే అందుకున్నాడు. గ్రిజెల్ ఆ నాలుగు రోజుల్లో డాక్టరుకి అంతా రాసి పంపింది. తమ్ముడి గది దాటేటప్పుడు అడుగు మెల్లగా వేసేది.

ఐదో రోజు ఎల్స్పెట్ జావ గిన్నె బల్లమీద ఠక్కున పెట్టి అంది: "ఎఫీ జాడీ పారెయ్యనంటోందట అయ్యగారూ. మొగుణ్ణి నోరు మూసుకోమందట. 'ముసలి గ్రిజెల్ తమ్ముడికి విషం పోసి, ఇప్పుడు తప్పు కుమ్మరి మీదికి తోస్తోంది' అని బావి దగ్గర అందరితో అంటోంది. నిన్న మళ్లీ అదే క్యాబేజీ వడ్డించిందట."

హ్యూ చెంచా కింద పెట్టాడు. "అక్కేది?"

"పెరట్లో."

ఆయన కోటు వేసుకోబోయాడు గానీ బొత్తాలు పట్టు చిక్కలేదు. పెరటి గుమ్మం దాకా అలాగే వచ్చి, "ఇది పెట్టు" అన్నాడు. గ్రిజెల్ వచ్చి ఒక్కొక్క బొత్తామూ పెట్టింది.

"ఎక్కడికిరా?"

"ఎఫీ దగ్గరికి. నువ్వూ రా. వెళ్తూ ఆ జావ గురించి ఎల్స్పెట్‌కి చెప్పు, అన్నీ ఉండలే. రేపటి నుంచి నువ్వే కాయి."

పంతులుగారి వంటింట్లో ఎఫీతోపాటు ఇరుగుపొరుగు ఆడవాళ్లు ముగ్గురున్నారు. హ్యూ కూర్చోలేదు. ఇన్నాళ్లూ కోటు మడతల్లో దాచుకుంటూ వచ్చిన చేతులు రెండూ ముందుకు చాచాడు. అవి వాలిపోయాయి. ఎఫీ ముఖంలో నవ్వు చెరిగిపోయింది.

"చూడమ్మా. ఇది జాడీ చేసిన పని. మా అక్క కనిపెట్టకపోతే ఈపాటికి నన్ను పూడ్చిపెట్టి ఉండేవాళ్లు. అబద్ధమాడాలనుకుంటే ఆవిడ జన్మంతా ఆడి ఉండొచ్చు, నాకు తెలిసేది కాదు. మీ ఆయన కోసం తనంతట తాను బయటపెట్టింది. ఇంక బావి దగ్గర ఏమంటావో ఆలోచించుకో."

గ్రిజెల్ జాడీ చూపించమంది. క్యాబేజీ తీసి పళ్లెంలో పెట్టి, ఎఫీ తనే చెయ్యి లోపల పెట్టింది. పెట్టినదల్లా వెంటనే తీసేసుకుని గౌనుకి రుద్దుకుంది. క్రూడెన్ ఆ పళ్లెం ఎత్తుకుపోయి పెంటకుప్పలో పారేశాడు.

వేసవి నాటికి హ్యూ ఎడమ చెయ్యి బాగైంది. కుడి చెయ్యి సగమే బాగైంది. సంఘపెద్దలు ఆయన భయపడ్డట్టే సహాయ పాదిరి మాట ఎత్తారు, అతన్ని రమ్మనమని ఆయనే అన్నాడు.

క్యాబేజీ పారేసిన ఆ రోజు మాత్రం పంతులుగారి ఇంటి నుంచి బయటికొచ్చి ఇద్దరూ ఇంటి దారి పట్టారు. చర్చి మలుపు దగ్గర గ్రిజెల్ ఆగింది.

"ఆ కుమ్మరి దగ్గర ఇంకా నాలుగు ఇళ్లవాళ్లు కొన్నారు. ఇద్దరు నేను చెబితేనే."

"దగ్గరలో ఎవరిది?"

"కొండ మీద గెడ్స్‌వాళ్లది."

హ్యూ కొండ వైపు చూసి, ఊపిరి బిగించుకుని, "పద" అన్నాడు.