గోడకు తల ఆనించిన బొత్తాం

అమ్మ పోయాక మా ఇంట్లో అందరికంటే ఎక్కువ బెంగపడింది బొత్తామేనని నాన్న తీర్మానించేశాడు. బొత్తాం మా కుక్క. దాని కళ్లు కోటు బొత్తాల్లా నల్లగా, గుండ్రంగా ఉంటాయని దర్జీ అయిన నాన్న పెట్టిన పేరది.

నాన్న ముందుగదిలో మిషను తొక్కేవాడు. అమ్మ గోడ పక్కన చాప మీద కూర్చుని కాజాలు కుట్టేది. బొత్తాం వింతలకు అర్థం చెప్పేది కూడా అమ్మే. పడుకునే ముందు గిరగిరా తిరిగితే "పక్క సర్దుకుంటోంది" అనేది. గడ్డి నమిలితే "కక్కేస్తే అదే తేలికపడుతుంది" అనేది. నిద్రలో కాళ్లు కొట్టుకుంటే "కలలో పిల్లిని తరుముతోంది, లేపకండి" అనేది. వాటిలో దేనికీ కంగారు పడేది కాదు.

ఇప్పుడు ఆ గోడకే బొత్తాం తల ఆనించి నిలబడుతోంది. నుదురు గట్టిగా అదిమి, కదలదు మెదలదు. పిలిచినా చెవి కూడా ఆడించదు.

"మీ అమ్మ కోసం చూస్తోందమ్మా," అన్నాడు నాన్న. తనకు తోడుగా ఏడ్చే ప్రాణి ఇంకొకటి ఉందన్న ఊరట ఆయన మొహంలో కనిపించింది. నాకు ఒళ్లు మండింది. నేను ఏడవలేదని దెప్పినట్టే అనిపించింది. వీధి చివర కాపురం, పొద్దున్నే ఉద్యోగం, సాయంత్రం ఇక్కడికొచ్చి గిన్నెలు తోమి పరుగు. ఏడవడానికి నాకు తీరికేది?

ఒకరోజు అన్నం వేళకు వెళ్లాను. నాన్న రెండు పళ్లాల్లో వడ్డించాడు. ఒకటి తనకు. రెండోది అమ్మ పళ్లెం. దాని నిండా మాంసం వేసి నేల మీద పెట్టాడు. బొత్తాం ఆవురావురుమంటూ తింది. కాసేపటికి తూలుకుంటూ పోయి గోడకు తల అదిమింది.

"రోజూ ఇంతేనా?" అన్నాను.

"తినగానే ఆవిడ గుర్తొస్తుంది కాబోలు."

"బెంగైతే అసలు తినదు కదా నాన్నా. కడుపు నిండా తిని తూలడమేంటి?"

"దాని బాధని కూడా జబ్బు చేసేయకు తల్లీ," అన్నాడు, నా వైపు చూడకుండా.

మర్నాడు ఆయన్నీ బొత్తాన్నీ బలవంతాన పశువుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"చుట్లు తిరిగి పడుకోడం, ఎప్పుడైనా గడ్డి తినడం మామూలే. బెంగపడితే తిండి మానేస్తాయి, తలుపు దగ్గరే కాచుక్కూచుంటాయి. కానీ గోడకి తల అదిమి నిలబడితే మాత్రం ఆ రోజే తీసుకురావాలి పెద్దాయనా. దీని లివర్ పాడైంది. మాంసం అరిగేటప్పుడు పుట్టే విషాన్ని లివర్ ఆపలేకపోతోంది, అది మెదడుకెక్కుతోంది. ఇలాగే వదిలేస్తే బతకదు. ఇంతకీ ఏం పెడుతున్నారు?"

"మా ఆవిడ పళ్లెం," అన్నాడు నాన్న.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

మందులు పడ్డాయి, మాంసం మానిపించాం, దానికి వేరే గిన్నె, వేరే తిండి. మెల్లగా బొత్తాం తేరుకుంది. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి కత్తిరింపుల బల్ల కింద గిరగిరా తిరిగి, ముడుచుకుని పడుకుంది. గోడ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

నాన్న అలవాటుకొద్దీ రెండు పళ్లాలూ వడ్డించేసి, రెండోదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అది మర్చిపోయిందమ్మా," అన్నాడు. "అసలు తలుచుకుందో లేదో కూడా తెలీదు. ఇక నేనొక్కణ్ణే."

ఆ మాటకు నేను ఆగలేకపోయాను. ఆయన చేతిలోంచి పళ్లెం తీసుకుని, అన్నాళ్లూ తొక్కడానికి కూడా మనసొప్పని అమ్మ చాప మీద కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.

నాన్న వచ్చి పక్కన కూర్చుని మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు.

"కూర బాలేదా?" అన్నాడు.

"అమ్మ చేసినట్టు లేదు నాన్నా."

"ఉండదమ్మా," అన్నాడు. ఆయనా కళ్లు తుడుచుకుని ముద్ద కలుపుకున్నాడు.